చెరి సగం

కేథరిన్‌కి ఇంగ్లీషు వచ్చు. లెక్కలు ఓ మోస్తరుగా వచ్చు. పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నమిలేస్తుంది కాబట్టి లోకజ్ఞానానికీ లోటు లేదు. లా ఎంట్రన్స్‌లో ఆమెను ముంచేది ఒకే ఒక్క సెక్షన్, లీగల్ రీజనింగ్. కిందటేడు దాని పుణ్యమా అని సీటు చేజారింది. ఈ ఏడు మాక్ టెస్టుల్లోనూ అదే వరస. మిగతా సెక్షన్లన్నీ కష్టపడి సంపాదించిన మార్కుల్ని ఇది కూర్చున్నచోట కూర్చుని తినేస్తోంది.

చూడ్డానికి మాత్రం అది పిల్లలాటలాగే ఉంటుంది. ఒక సూత్రం ఇస్తారు, దాని కింద ఒక చిన్న గొడవ ఇస్తారు. ఆ సూత్రం ప్రకారం ఆ గొడవలో నష్టం ఎవరిదో చెప్పాలి. నాలుగు జవాబుల్లో ఒకటే సరైంది, తప్పు పెడితే మార్కుల్లో కోత. చట్టం ముందుగా తెలిసి ఉండాల్సిన పని కూడా లేదు. ఇంత సులువైన దాంట్లో తెలివైన పిల్ల ఎందుకు బోర్లా పడుతోందో నాగజ్యోతి మేడమ్‌కి నవంబరు దాకా అంతుబట్టలేదు.

నాగజ్యోతి గిద్దలూరు కోర్టులో లాయరు. కింద వాళ్ల నాయన ఎరువుల దుకాణం, పైన ఆమె క్లాసు. మెట్లెక్కేటప్పుడు పురుగుమందు వాసన కళ్లు మండిస్తుంది, పైకెళ్లాక ఆ పని మేడమ్ చేస్తుంది. కోర్టుకు బయల్దేరే లోపల నలుగురైదుగురు పిల్లలకు పాఠం చెప్పి, కనీసం ఇద్దరిని ఏడిపించి వెళ్లడం ఆమె అలవాటు. ఆ రోజు వంతు కేథరిన్‌ది.

"ఇది చదువు," అంది మేడమ్, పేపరు మీద వేలు పెట్టి.

కేథరిన్ చదివింది. ఒకడు పక్కింటివాడి దగ్గర నిచ్చెన అడిగి తెచ్చుకున్నాడు. జాగ్రత్తగానే వాడాడు, అయినా విరిగింది. అడిగి తెచ్చుకున్న వస్తువు పాడైతే నష్టమంతా తెచ్చుకున్నవాడిదే అని సూత్రం. కేథరిన్ మాత్రం ఇద్దరూ భరించాలి అనే జవాబుకు టిక్ పెట్టింది.

"ఎందుకు పెట్టినావు?"

"పాపం మేడమ్, జాగ్రత్తగానే వాడినాడు కదా. ఇచ్చినోడు కూడా నిచ్చెన గట్టిదో కాదో చూసి ఇయ్యాల కదా."

"పాపం అని సూత్రంలో ఉందా?"

"లేదు మేడమ్."

"గట్టిదో కాదో చూసి ఇయ్యాలని ఉందా?"

మేడమ్ పాత పేపర్లన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్క తప్పు మీదా వేలు పెట్టుకుంటూ పోయింది. మేక పక్క చేలో మేస్తే ఇద్దరిదీ తప్పే. అద్దెకున్నవాడు గోడ పడగొడితే ఇద్దరిదీ తప్పే. కుక్క కరిస్తే కుక్కగలవాడిదీ తప్పే, కరిపించుకున్నవాడిదీ తప్పే. కొట్టుకున్న ప్రతి ఇద్దర్నీ కేథరిన్ సగం సగం పంచి, చేతులు కలిపించి ఇంటికి పంపించింది.

మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "మీ ఇంట్లో పెద్దమనిషి ఎవరే?"

"మా నాయన, మేడమ్."

తెగులు దొరికిందన్నట్టు మేడమ్ తల ఊపింది.

కేథరిన్ నాయన ఇశ్రాయేలు కొమరోలు దగ్గరి ఊళ్లో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం వసారాలో ఆయన కూర్చుంటే చుట్టూ నలుగురు చేరతారు. గట్టు తగాదా, కోడి తగాదా, మొగుడూపెళ్లాల తగాదా, ఏదైనా సరే, ఇద్దరి మాటా ఓపిగ్గా విని ఆఖరికి ఆయన చెప్పేది ఒకటే, చెరి సగం. "రేపు పొద్దున లేస్తే ఒకరి మొహం ఒకరు చూసుకోవాల గదయ్యా," అంటాడు. నిజమే, ఆ ఊరి నుంచి పోలీసు స్టేషన్‌కి పోయిన తగాదా లేదు. కేథరిన్ ఆయన ఒళ్లో కూర్చుని ఈ తీర్పులు వింటూ పెరిగింది. అచ్చు ఇంగ్లీషులో వచ్చిన తగాదాని కూడా నాయన వసారాలోకి తీసుకుపోయి కూర్చోబెట్టడం ఆమెకు తెలియకుండానే జరిగిపోతోంది.

"మీ నాయన చేసేది తప్పని నేననను," అంది మేడమ్. "ఆయన ఊరిని కాపాడుకోవాల. పేపరు దిద్దేవాడికి మీ ఊరితో పనేంది? వానికి కావాల్సింది సూత్రం. ఈ పొద్దు నుంచి నీకు ఒకటే మందు. నాలుగు జవాబుల్లో ఇద్దరూ అనేది కనపడిందా, ముందు దాన్ని కొట్టెయ్. తర్వాతనే మిగతావి చదువు."

మందు చేదుగానే ఉంది కానీ బాగా పట్టింది. మొదట్లో కేథరిన్‌కి ఆ జవాబు కొట్టేసినప్పుడల్లా ఎవరినో వీధిలోకి గెంటినంత బాధ కలిగేది. నిచ్చెన విరగ్గొట్టుకున్నవాడు కలలోకి కూడా వచ్చాడు. రానురాను చెయ్యి కుదిరింది. ఇద్దరూ అన్న మాట కనపడగానే కలం దానంతట అదే అడ్డంగా గీత గీసేది. ఆ గీతతో పాటు మార్కులు ఎక్కడం మొదలుపెట్టాయి. ఎక్కాలి మరి. ఇది ఆఖరి ప్రయత్నం. అమ్మ ప్రేమకుమారి ఒంగోలులో ఉన్న తన పినతల్లి కూతురితో నర్సింగు సీటు గురించి మాట్లాడి ఉంచింది. "ఈ ఒక్కసారి రాయనియ్యి. రాకపోతే నువ్వన్నట్టే," అని నాయన అమ్మకు మాటిచ్చాడు. నర్సింగు చెడ్డదని కేథరిన్ ఎప్పుడూ అనుకోలేదు. కానీ కోర్టు మెట్ల మీద నల్లకోటు వేసుకుని నడిచే నాగజ్యోతిని చూసినప్పటి నుంచి ఆమెకు వేరే ఏదీ కంటికి ఆనడం లేదు.

పరీక్ష ఇంకా మూడు వారాలుందనగా ఒక మంగళవారం మాక్ టెస్టులో ఆ సెక్షన్‌లో ఆమె క్లాసులోకెల్లా పైన నిలిచింది. మేడమ్ మెచ్చుకోలేదు. ఏడిపించలేదు, అదే చాలు. కేథరిన్ మెట్లు దిగేసరికి నాయన దుకాణం ముందు బండి మీద ఉన్నాడు. ఎప్పుడూ బస్సులో పోయే పిల్ల, నాయన ఎందుకొచ్చాడని కూడా అడగలేదు. ఆయన అందించిన గోనెసంచి ఒళ్లో పెట్టుకుని వెనక ఎక్కి కూర్చుంది. సంచిలోంచి ఏదో కాలిన వాసన, మాడిన లక్కలాగా.

"పొద్దున కరెంటు లేదు. తీరా వచ్చినాక స్టార్టరు కాయిలు కాలిపోయింది పాపా," అన్నాడు నాయన, గాలిలో గొంతు పెంచి. "కొత్తది చుట్టించేసరికి ఇదిగో ఈ యాళయింది. ఈ పొద్దు మన వంతు పాయె."

"ఊ," అంది కేథరిన్. ఆమె మనసు మార్కుల చుట్టూ తిరుగుతోంది. కొమరోలు దాటేదాకా ఆ మాడు వాసన మీదే చేతులు కట్టుకుని కూర్చుంది, ముక్కు మాత్రం పక్కకు తిప్పుకుని.

వంతు అంటే బోరు నీళ్ల వంతు. ఇశ్రాయేలుకీ, వాళ్ల చనిపోయిన అన్న భార్య హన్నాకీ కలిపి ఒకటే బోరు. ఒకరోజు ఈయన మిరపతోటకి, ఒకరోజు ఆమె మిరపతోటకి. ఆ మంగళవారం ఇశ్రాయేలుది, బుధవారం హన్నాది. ఆ బుధవారం పొద్దున ఇశ్రాయేలు మోటారు వేసి మధ్యాహ్నం దాకా నీళ్లు తన తోటకి కట్టుకుని, మధ్యాహ్నం నుంచి వదిన తోటకి మళ్లించాడు. ముందుగా కబురు పంపించాడు కానీ, అందులో "నిన్న నాకు పారలేదు, సగం పూట నేను కట్టుకుంటా" అన్నది తప్ప ఎందుకు పారలేదన్న ముక్క లేదు. తీర్పులు చెప్పడం అలవాటైన మనిషికి సంజాయిషీ చెప్పుకోవడం అలవాటు ఉండదు. ఇశ్రాయేలులో లోపం ఏదైనా ఉంటే అదే.

ఆదివారం ఆరాధన కాగానే హన్నా వసారాలో కొంగు నడుముకి దోపి నిలబడింది.

"అయ్యగారూ, నాదొక మాట ఉంది. విని పోండి."

పాస్టరు ఎడ్విన్ బైబిలు చంకలో పెట్టుకుని ఆగాడు. మామూలుగా తగాదా తీర్చే ఇశ్రాయేలు ఈసారి తగాదాలో మనిషి కాబట్టి, తీర్చే బరువు ఆయన మీద పడింది. ఆయన సాధువు, బరువులంటే భయం.

"మంగళారం మా మరిది వంతు," అంది హన్నా. "నేను పత్తి తీసేదానికి పోయేటప్పుడు చూసినా, కరెంటు లేదు. చీకటి పడినాక ఇంటికి వచ్చినా. బుధారం నా వంతు. నా వంతులో మద్దేనం దాకా తనే కట్టుకున్నాడు. నా తోట కింద సాళ్లకు చుక్క అందలేదు. మొగుడు లేనిదాన్ని కాబట్టే గదా ఇట్ల."

ఆఖరి మాటకి ఇశ్రాయేలు మొహం ముడుచుకుపోయింది. "కట్టుకునింది నిజమే అయ్యగారూ," అన్నాడు. "చెరి సగం అనుకున్నా."

జనం అలవాటుగా తలలు ఊపారు. చెరి సగం అన్నాక ఇంక ఇళ్లకు పోవడమే. హన్నా ఒప్పుకోలేదు. ఆడవాళ్ల వైపు తిరిగి, గోడకు ఆనుకుని నిలబడిన కేథరిన్‌ని పట్టుకుంది. "ఏం పాపా, నువ్వు లాయరు చదువుతావంట గదా. మీ నాయన అని చూడకుండా చెప్పు."

అందరి కళ్లూ కేథరిన్ మీద పడ్డాయి.

"ఉండు హన్నమ్మా, నన్ను చెప్పనియ్యి," అన్నాడు ఎడ్విన్. "బోరు ఏసిన దినం మీ ఆయనా, ఇశ్రాయేలూ నా ముందరే మాట పెట్టుకున్నారు. కరెంటు రాకపోతే, ఎవరి దినాన రాలేదో వాళ్ల వంతు పోయినట్టే. రెండో వాళ్ల వంతు ముట్టుకునేదానికి లేదు. ఇంక మోటారు గానీ..."

"అంతే గదా అయ్యగారూ!" కేథరిన్ గోడ దగ్గర నుంచి ముందుకు వచ్చేసింది.

అది ఆమె గొంతులా లేదు. మేడమ్ గొంతులా ఉంది. "పెట్టుకున్న మాట ఇది. జరిగింది ఇది. మంగళారం కరెంటు లేదు, దినం నాయనది. కాబట్టి నష్టం నాయనదే. బుధారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా పెద్దమ్మదే. సగం అనే మాట ఇందులో యాడా లేదు."

ఒక ముసలాయన దగ్గబోయి ఆపుకున్నాడు. కేథరిన్‌కి లోపల ఎక్కడో ఒక దీపం వెలిగినట్టుంది. సొంత నాయన మీద కూడా సూత్రం తప్పలేదు తను. ఇంక ఏ పేపరు తనని ఏం చేస్తుంది!

"అది కాదు పాపా," ఎడ్విన్ తడబడ్డాడు, "నేను ఇంకా..."

ఇశ్రాయేలు చెయ్యెత్తాడు. "చాలు అయ్యగారూ. పాప చెప్పిందే ఖాయం. నేను కట్టుకున్న పూటకు నా వచ్చే వంతు మొత్తం వదినకి ఇడుస్తా."

ఎడ్విన్ ఆయన వైపు చూశాడు, కేథరిన్ వైపు చూశాడు, మళ్లీ ఆయన వైపు చూశాడు. నోరు తెరిచి, మూసుకుని, ప్రార్థన చేసి పంపించేశాడు.

ఇశ్రాయేలు కూతురు ఇశ్రాయేలుకే తీర్పు చెప్పిందన్న కబురు పొద్దు గుంకేలోపు కొమరోలు చేరింది. ఇంట్లో ప్రేమకుమారి గిన్నెలు మామూలు కన్నా గట్టిగా కడిగింది. "కన్నందుకు బాగా చేసినావే తల్లీ. నలుగురిలో మీ నాయన తల దించినావు. ఇంక పోయి సీటు తెచ్చుకో."

"న్యాయం చెప్పమంటే చెప్పినా అమ్మా!"

"న్యాయమంట. పూత మీదున్న తోటకి నీళ్లు ఆపే న్యాయం."

నాయన మాత్రం ఏమీ అనలేదు. అన్నా బాగుండేది. అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, గడప దగ్గర ఆగి "చదువుకో" అన్నాడు, తోటకు పోయాడు. ఆ తర్వాత రోజులన్నీ ఆ ఒక్క మాట మీదే నడిచాయి. పొద్దున చదువుకో. సాయంత్రం చదువుకో. ఎప్పుడూ కోర్టు కబుర్లు అడిగే మనిషి, ఈ రోజు మేడమ్ ఎవరిని ఏడిపించింది అని అడిగి నవ్వే మనిషి, ఇప్పుడు ఆమె ఎదురుపడితే కండువా దులుపుకుంటూ పక్కకు తప్పుకుంటున్నాడు.

పైగా కరెంటు కూడా పగబట్టింది. ఇశ్రాయేలు వదినకి వదిలేసిన రోజు సుబ్బరంగా వచ్చింది. ఆ తర్వాత ఆయన వంతు వచ్చినప్పుడు పోతూ వస్తూ పీడించింది. పెట్టుకున్న మాట ప్రకారం ఆ వంతులూ పోయినట్టే, ఆయన నోరెత్తలేదు. ఒక మధ్యాహ్నం అన్నం క్యారియరు పట్టుకుని కేథరిన్ తోటకి పోతే, కింది సాళ్లలో మిరపచెట్లు ఆకులు ముడుచుకుని, పూత రాలి నిలబడి ఉన్నాయి. నాయన పారతో కాలువ సర్దుతున్నాడు, నీళ్లు లేని కాలువ. ఆమెను చూసి చెమట తుడుచుకున్నాడు.

"ఎందుకొచ్చినావు ఎండలో? పోయి చదువుకో."

ఆమెకు ఏడుపొచ్చింది. తప్పు చేశానేమో అన్న అనుమానం మొదటిసారి పురుగులా దూరింది. సూత్రం గుర్తు చేసుకుంది, జరిగింది గుర్తు చేసుకుంది. ఎటు చూసినా లెక్క సరిపోయింది. అయితే న్యాయం చెప్పడమంటే ఇదేనా, ఇంటి మనిషి నోరు మూతపడటం, తోట ఎండటం? ఇలాగైతే లాయర్లందరూ ఒంటరిగానే అన్నం తింటారు కాబోలు. మొండిగా ఇంటికొచ్చి ఇంకో మాక్ పేపరు ముందేసుకుంది. ఇద్దరూ అన్న జవాబు కనపడ్డ ప్రతిచోటా గీత ఇంకా గట్టిగా గీసింది. మార్కులు ఇంకా పెరిగాయి. కాగితం చిరిగేంత కోపంతో రాసినా మార్కులు పెరుగుతాయని ఆమెకు అప్పుడు తెలిసింది.

పరీక్ష ఆదివారం, విజయవాడలో. శనివారం పొద్దున గిద్దలూరులో రైలెక్కాలి. "మీ నాయన వస్తాడో రాడో, నేనే వస్తాలే," అని అమ్మ చీర మడత పెట్టుకుంటుంటే, నాయన మందిరానికి వేసుకునే తెల్లచొక్కా తొడుక్కుని బయటికొచ్చాడు. సంచి అందుకున్నాడు. దారి పొడవునా కిటికీ పక్క సీటు ఆమెకిచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో దిగి ఇడ్లీ పొట్లం తెచ్చిచ్చాడు. "తిను," అన్నాడు. చదువుకో పోయి తిను వచ్చింది. అంతకు మించి ముందుకు జరగలేదు.

మర్నాడు పరీక్ష హాల్లో కేథరిన్ పేపరు అందుకుంది. ఇంగ్లీషు దాటింది, వార్తలు దాటింది. లీగల్ రీజనింగ్ దగ్గర పేజీ తిప్పి ఒకసారి ఊపిరి పీల్చుకుంది. తర్వాత కలం నడిచింది. ఇద్దరూ అన్నది కొట్టెయ్, మిగతావి చదువు, గుండ్రం నింపు. గుండ్రం ఒకసారి నింపితే చెరపడానికి ఉండదు కాబట్టి మొదట ప్రశ్నపత్రం మీద గీత, తర్వాతే జవాబు కాగితం మీద సిరా. ఎక్కడా ఆగలేదు. ఇన్నాళ్లు ఆమెను ముంచిన నీళ్లలో ఆమె ఈదుతోంది.

ఆఖరి నుంచి రెండో గొడవ ఇద్దరు బేకరీవాళ్లది. ఇద్దరికీ కలిపి ఒకటే కరెంటు పొయ్యి, రోజు మార్చి రోజు వాడుకుంటారు. తన రోజున సరుకు ఇవ్వలేనివాడే ఆ నష్టం భరించాలి అని సూత్రం మొదలైంది. ఒకడి రోజున క్రిస్మస్ కేకుల ఆర్డరు ఉంది. ఆ రోజు కేకులు కాలలేదు. నష్టం ఎవరిది?

ఇద్దరిదీ సమానంగా అన్నది రెండో జవాబు. కలం చర్రున గీత గీసింది. ఆ రోజు ఎవరిదో వాడిదే అన్నది మూడోది. ఇంక ఆలోచించేదేముంది? సిరాకలం మొన గుండ్రం మీద ఆనించింది. ఆనిస్తూ, ప్రశ్న నంబరు సరిచూసుకోవడానికి కళ్లు మరోసారి పైకి పోయాయి. కేకులు ఎందుకు కాలలేదో అక్కడ రాసి ఉంది. పొయ్యిలో కాయిల్ కాలిపోయింది.

కాయిల్.

మాడిన లక్క వాసన గుప్పుమంది. హాల్లో కాదు, ఆమె ఒళ్లో. గోనెసంచి, బండి వెనక సీటు, గాలిలో నాయన గొంతు. తీరా కరెంటు వచ్చినాక స్టార్టరు కాయిలు కాలిపోయింది పాపా.

కేథరిన్ కలం ఎత్తేసింది. సూత్రం మళ్లీ చదివింది. మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయిన కళ్లని బలవంతాన రెండో వాక్యం మీదికి నెట్టింది. అయితే, ఉమ్మడి వస్తువు ఎవరి తప్పూ లేకుండా పాడైతే, ఆ నష్టం భాగస్వాములు సమానంగా భరించాలి.

ఇంక మోటారు గానీ, అన్నాడు ఎడ్విన్ అయ్యగారు. ఆ మాట తనే తుంచేసింది. మోటారు గానీ, స్టార్టరు గానీ చెడిపోతే నష్టం చెరి సగం. ఇంకేం ఉంటుంది అక్కడ? మంగళవారం కరెంటు వచ్చింది. వచ్చాకే కాయిలు కాలింది. నాయన వదిన వంతులో సరిగ్గా సగం పూటే కట్టుకున్నాడు. అది ఆయన అలవాటు కాదు, పెట్టుకున్న మాటే. జరిగినదాంట్లో అసలు ముక్కని ఊరంతటిలో ఒళ్లో పెట్టుకుని మోసింది తనొక్కతే. అదే ముక్కని వదిలేసి తీర్పు చెప్పింది, గోడ దగ్గర నుంచి ముందుకొచ్చి మరీ.

అక్షరాలు అలికినట్టయ్యాయి. కళ్లు తుడుచుకుంటే గోడ మీద గడియారం ఎవరి కోసమూ ఆగనంటోంది. ఇంకా ఒక గొడవ మిగిలే ఉంది, లెక్కలు మిగిలే ఉన్నాయి. ఏడవడానికి ఇది చోటు కాదని తనని తానే కసిరింది. కొట్టేసిన రెండో జవాబుకు పక్కన టిక్ పెట్టి, దాని గుండ్రాన్ని నల్లగా నింపింది. తర్వాత వెనక్కి పోయి, గీత గీసిన ఇద్దరూలన్నిటినీ మళ్లీ ఒక్కొక్కటే చదివింది, సూత్రం మొదటి నుంచి చివరి చుక్క దాకా. మిగతావి సరిగ్గానే ఉన్నాయి. అలవాటుగా చెరి సగం పెట్టడం ఎంత గుడ్డితనమో, అలవాటుగా చెరి సగం కొట్టెయ్యడమూ అంతే గుడ్డితనం. ఇది మేడమ్ చెప్పలేదు. ఎండిన మిరపతోట చెప్పింది.

గేటు బయట జనంలో నాయన తెల్లచొక్కా దూరం నుంచే కనపడింది. ఒక చేతిలో మజ్జిగ ప్యాకెట్టు, ఇంకో చేతిలో సంచి. ఆమె ఆయన్ని చేరేసరికి సంచిలో ఫోను మోగింది. నాగజ్యోతి మేడమ్. అప్పటికే ప్రశ్నపత్రం ఎవరో ఆమెకు పంపించినట్టున్నారు.

"ఆ పొయ్యి ప్రశ్నకి ఏం పెట్టినావు?"

"ఇద్దరూ సమానంగా, మేడమ్."

"పాత రోగమా?"

"కాదు మేడమ్. రెండో వాక్యం చదివినా."

"క్లాసులో మిగతావాళ్లంతా దాంట్లో పడినారు," అంది మేడమ్. ఆమె గొంతులో అలాంటి మెత్తదనం ఉంటుందని గిద్దలూరు కోర్టులో ఎవరూ నమ్మరు. "ఆ సెక్షన్ దాటినావులే. ఇంటికి పో."

ఫోను పెట్టేశాక కేథరిన్ మజ్జిగ అందుకోలేదు. "నాయనా," అంది. "స్టార్టరు కాయిలు కాలిందని ఆ దినం వసారాలో ఎందుకు చెప్పలేదు నువ్వు?"

ఇశ్రాయేలు ఉలిక్కిపడ్డాడు. ఆ తర్వాత మజ్జిగ ప్యాకెట్టుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నాకు చెప్పినావు. బండి మీద. నేనే ఇనలేదు," అంది. ఇంక ఆగలేదు, రోడ్డు మీదే, అంత జనంలో, వెక్కి వెక్కి ఏడ్చింది. "అయ్యగారు చెప్పబోతే నువ్వే చెయ్యెత్తినావు. తోట ఎండిపోయినా నోరెత్తలేదు. నా మీద కోపమని నేను..."

"కోపమేందమ్మా, కోపమేంది?" ఆయన గాభరాగా కండువా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వు నలుగురిలో గొంతెత్తి మాట్లాడింది అదే మొదలు. మొదటి మాటే తప్పని నాయనే అందరి ముందర అంటే, మళ్ల ఎత్తుతావా? అందులో పరీక్ష నెత్తి మీదుండె. పైగా వదిన మొగుడు లేనిదాన్నని అనె. అంతమంది ముందర ఇంక లెక్కలు చెప్పబుద్ధి కాలేదు." సంచి భుజానికి తగిలించుకున్నాడు. "నీతో మాట్లాడితే ఆ కాయిలు సంగతి యాడ నోరు జారుతానో అని భయపడినా. అందుకే చదువుకో, చదువుకో అంటా తిరిగినా."

ఆ రోజులన్నీ ఆమె కళ్ల ముందు తిరగబడ్డాయి. నోరు మూసుకుని తిరిగిన మనిషి ఓడిపోయి కాదు, తనను ఓడనివ్వకుండా తిరిగాడు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని కేథరిన్ కళ్లు తుడుచుకుంది.

"వచ్చే ఆదివారం అదే వసారాలో, అందరి ముందర, పెద్దమ్మ ముందర చెప్తా. నా తీర్పు తప్పని నేనే చెప్తా."

"చెప్పు," అన్నాడు ఇశ్రాయేలు. చాలా రోజుల తర్వాత ఆయన మొహంలో నవ్వు కదిలింది. మజ్జిగ ప్యాకెట్టు మూల కొరికి ఆమె చేతికిచ్చాడు. "కానీ ఈసారి అయ్యగారిని మాట పూర్తి చెయ్యనియ్యి."